గోడల మీద పుట్టి కాగితాల మీద తిరిగిన కళ

రినైసాన్స్, అంటే యూరప్ పునరుజ్జీవన కాలపు కళ గురించి ఎక్కడ చదివినా ముందు వచ్చే పేర్లు మూడే: లియొనార్డో, మైకెలాంజెలో, రాఫెల్. ముగ్గురు మహానుభావులు పుట్టారు, ఇటలీలో కళ వికసించింది, యూరప్ మేలుకుంది, అంతటితో పాఠం అయిపోతుంది. ఈ కథ తప్పని అనలేం గానీ దీంతో అసలు ప్రశ్నలు చాలా అలాగే ఉండిపోతాయి. ఆ బొమ్మలకి డబ్బెవరు ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఏమని అగ్రిమెంటు రాసుకున్నారు, రంగు ఎక్కణ్నుంచి తెప్పించారు, ఎవరెవరి చెయ్యి పడింది? ఇవన్నీ వదిలేసి మేధావితనం ఒక్కటే పట్టుకుంటే, వందా నూటయాభై ఏళ్లలో ఒకే ఊరి చుట్టుపక్కల అంతమంది ఎందుకు పుట్టుకొచ్చారో చెప్పడం కుదరదు. ఇంకో సంగతి. ఈ కళలో బాగా పేరున్న పనులు చాలావరకు గోడలకీ కప్పులకీ అంటుకుని ఉన్నాయి, అంగుళం కూడా కదలవు. మరి కదలని బొమ్మల ప్రభావం ఫతేపూర్ సిక్రీ దాకా ఎలా వచ్చింది?

ముందు డబ్బు సంగతి చూడాలి. ఫ్లోరెన్స్ ఉన్ని బట్టల వ్యాపారంతో, బ్యాంకులతో బతికిన ఊరు. 1252లో వాళ్లు కొట్టిన ఫ్లోరిన్ అనే బంగారు నాణెం యూరప్ అంతా చెల్లేది. అయితే ఆ రోజుల్లో చర్చి లెక్కలో వడ్డీకి డబ్బు తిప్పడం మహాపాపం. సంపాదన అంతా వడ్డీ మీదే, చచ్చాక నరకం ఖాయమని ఆదివారం ఆదివారం వింటూ ఉండాలి. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, వాళ్లు నిజంగానే నమ్మారు. ఇటలీలోనే పాడువా ఊళ్లో స్క్రొవేన్యీ కుటుంబంలో తండ్రి రెజినాల్డోని వడ్డీ వ్యాపారుల నరకంలో కూర్చోబెట్టాడు కవి డాంటే తన కావ్యంలో. కొడుకు ఎన్రీకో ఒక చిన్న ప్రార్థనాలయం కట్టించి, 1305 ప్రాంతంలో దాని గోడల నిండా జొట్టో అనే చిత్రకారుడి చేత బొమ్మలు వేయించాడు. తండ్రి పాపం పోవాలనో, ఊళ్లో పరువు నిలవాలనో, రెండూనో.

ఆ గోడ మీద ఒక బొమ్మ దగ్గర కాసేపు ఆగాలి. శిలువ మీంచి దించిన క్రీస్తు శవం చుట్టూ చేరి ఏడుస్తున్నారు. ముందు వరసలో ఇద్దరు మనకి వీపు పెట్టి కూర్చున్నారు. ముఖాలు కనపడవు, ముసుగు కప్పుకున్న వీపులే, బరువుగా, నేలకి అతుక్కుపోయినట్టు. అప్పటిదాకా చర్చి బొమ్మల్లో పవిత్రులంతా ఎదురుగా నిలబడి, బంగారపు వెనక తెర ముందు, చూసేవాళ్లకి దర్శనమిచ్చేవాళ్లు. ఇక్కడ మాత్రం ఒక ఇంట్లో చావు జరిగింది, మనం ఆలస్యంగా వచ్చి వెనక నిలబడ్డాం, ముందున్నవాళ్ల భుజాల మీంచి చూస్తున్నాం. శరీరానికి బరువుంటుంది, దుఃఖానికి ఒక భంగిమ ఉంటుంది అని జొట్టో ఇక్కడ చూపించేశాడు. ఇది జరిగిన దాదాపు వందేళ్లకి గానీ మిగతావాళ్లు ఆ దారి పట్టుకోలేకపోయారు. మధ్యలో 1348 ప్లేగు వచ్చింది, ఫ్లోరెన్స్‌లో సగం మంది దాకా పోయారు, చిత్రకారులూ పోయారు, పని చేయించుకునేవాళ్లూ పోయారు.

మళ్లీ ఊపు వచ్చింది 1401లో, ఒక పోటీతో. ఫ్లోరెన్స్ బాప్టిస్టరీకి, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరానికి, కంచు తలుపులు చేయించాలని బట్టల వర్తకుల సంఘం కలిమాలా నిర్ణయించింది. చివరి వడపోతలో ఏడుగురు మిగిలారు. అందరికీ ఒకటే విషయం ఇచ్చారు, అబ్రహాం తన కొడుకు ఇస్సాకుని బలివ్వబోయే క్షణం. వాటిలో రెండు పలకలు ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి, ఒకటి గిబెర్టీది, ఒకటి బ్రూనెల్లెస్కీది. బ్రూనెల్లెస్కీ పలకలో ఆవేశం ఎక్కువ: కత్తి మెడ మీదికి వచ్చేసింది, దేవదూత అబ్రహాం చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపుతున్నాడు. గిబెర్టీది నెమ్మది, ఇస్సాకు శరీరం పాత రోమన్ శిల్పంలా ఎంతో అందంగా ఉంటుంది. గెలిచింది గిబెర్టీ. అందం ఒక కారణమే గానీ, అతను పలకని దాదాపు ఒకే పోతలో పోసి, పోటీదారు కంటే ఏడు కిలోల దాకా తక్కువ కంచుతో పని ముగించాడన్నది కూడా మరిచిపోకూడదు. ఇన్ని పలకలకి లెక్కేస్తే వర్తకులకి మిగిలేది తక్కువేం కాదు! కళని డబ్బుతో కొలిచారని దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. లోహం పోత పోయడంలో పనితనం, బొమ్మ అందం, ఖర్చు, ఈ మూడూ వాళ్ల బుర్రలో ఒకేచోట ఉండేవి. గిబెర్టీకి ఆ తలుపులకి 1403 నుంచి 1424 దాకా పట్టింది. తర్వాత ఇంకో జత తలుపులు అప్పజెప్పారు, అవి 1452కి అయ్యాయి. ఒక మనిషి జీవితమంతా రెండు జతల తలుపులకే సరిపోయింది.

ఓడిపోయిన బ్రూనెల్లెస్కీ శిల్పం నుంచి కట్టడాల వైపు మళ్లాడు. ఊళ్లో పెద్ద చర్చికి దాదాపు 45 మీటర్ల వెడల్పు ఖాళీ మీద గుమ్మటం వేయాలి, అంత ఎత్తుకి కింద నుంచి చెక్క సారువ కట్టడం ఎవరివల్లా కాదు. అతను 1420 నుంచి 1436 మధ్య, కింద ఆధారం లేకుండానే, లోపలొకటి బయటొకటి రెండు పొరలుగా, ఇటుకల్ని ఏటవాలు అల్లికలో పేర్చుకుంటూ కట్టేశాడు. ఆ గుమ్మటం మీద పుస్తకాలకి పుస్తకాలే వచ్చాయి. బొమ్మల చరిత్రకి సంబంధించినంతవరకు అతను చేసిన ఇంకో చిన్న ప్రయోగం ఇంతకంటే పెద్దది. చర్చి గుమ్మంలో నిలబడి, ఎదురుగా ఉన్న బాప్టిస్టరీని ఒక చిన్న చెక్క మీద అచ్చం కంటికి కనపడినట్టు గీశాడు. ఆ చెక్కకి మధ్యలో కన్నం పెట్టాడు. చూసేవాళ్లు చెక్క వెనకవైపు నుంచి ఆ కన్నంలోంచి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మని చూడాలి. అద్దం తీసేస్తే నిజమైన కట్టడం, పెడితే బొమ్మ, రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. దూరం వెళ్లేకొద్దీ గీతలన్నీ ఒక బిందువు వైపు ఎలా ముడుచుకుంటాయో లెక్క కట్టవచ్చని అలా ఊళ్లో జనం కళ్లారా చూశారు.

ఆ లెక్కని గోడ మీద పెట్టినవాడు మసాచ్చో అనే చిత్రకారుడు. శాంతా మరియా నొవెల్లా చర్చిలో 1427 ప్రాంతంలో వేసిన త్రిత్వం బొమ్మ చూస్తే గోడకి తొలిచి లోపల ఒక గది కట్టారేమో అనిపిస్తుంది. గళ్లుగళ్లుగా చెక్కిన అర్ధచంద్రాకారపు కప్పు లోపలికి వెళ్తుంది, దాని కింద శిలువ, శిలువ వెనక తండ్రి దేవుడు. గీతలన్నీ వచ్చి కలిసే చోటు శిలువ మొదట్లో, దాదాపు నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉంటుంది. అంటే బొమ్మ తన ముందు ఎవరు ఎక్కడ నిలబడతారో ముందే లెక్క వేసుకుంది. దగ్గరికెళ్తే, పచ్చి సున్నం మీద దారం లాగి నొక్కిన గీతలు, మేకు కొట్టిన గుర్తు ఇంకా కనపడతాయి. కింద రాతి పెట్టె మీద ఒక అస్థిపంజరం, దాని పైన రాత: నువ్విప్పుడున్నట్టే నేనూ ఒకప్పుడుండేవాణ్ని, నేనిప్పుడున్నట్టే నువ్వూ అవుతావు. ఆ మాట గోడ మీద రాసిన మసాచ్చో ఇరవయ్యేడేళ్లు దాటకుండానే పోయాడు. ఆ తర్వాత 1570 ప్రాంతంలో వాసారి అనే మరో చిత్రకారుడు, చర్చిని కొత్తగా తీర్చే పనిలో, ఆ బొమ్మ ముందే ఒక పెద్ద పూజాపీఠం కట్టించాడు. మళ్లీ అది బయటపడింది 1860లో. దాదాపు మూడొందల ఏళ్లు ఎవరికీ కనపడలేదు.

ఈ మొత్తంలో తక్కువగా మాట్లాడుకునే మలుపు ఒకటుంది, 1435లో ఆల్బెర్టీ చిత్రలేఖనం మీద రాసిన చిన్న పుస్తకం. అందులో పర్‌స్పెక్టివ్, అంటే దూరాన్ని కంటికి కనపడినట్టు చూపించే ఆ గీతల లెక్క, ఎలా వేయాలో మెట్టు మెట్టుగా చెప్పాడు. మొదట లాటిన్‌లో రాసి, మరుసటేడాది మామూలు ఇటాలియన్‌లోకి తెచ్చి బ్రూనెల్లెస్కీకి అంకితమిచ్చాడు. అప్పటిదాకా పని కిటుకులన్నీ గురువు నుంచి శిష్యుడికి, కార్ఖానా గోడల మధ్యే ఉండేవి. ఇప్పుడు గురువు లేకుండానే, వేరే ఊళ్లో కూర్చుని, చదివి నేర్చుకునే పద్ధతి తయారైంది. రినైసాన్స్ కళ వ్యాపించడానికి ఇది గుమ్మటం కంటే పెద్ద కారణమని గట్టిగా చెప్పొచ్చు. రాసిపెట్టగలిగిన విద్య దూరం పోతుంది.

ఇక అగ్రిమెంట్లు. ఫ్లోరెన్స్‌లో అనాథ పిల్లల ఆశ్రమం పెద్ద 1485 అక్టోబర్ 23న గిర్లాందాయో అనే చిత్రకారుడితో కుదుర్చుకున్న ఒప్పందం మనదాకా వచ్చింది. ముగ్గురు జ్ఞానులు బాల క్రీస్తుకి మొక్కే బొమ్మ. ముందుగా చూపించిన డ్రాయింగ్ ప్రకారమే వేయాలి, తన చేత్తోనే వేయాలి, రంగులూ బంగారం పొడీ ఖర్చు చిత్రకారుడిదే, నీలం మాత్రం ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల రకమే అయుండాలి, ముప్ఫై నెలల్లో అప్పజెప్పాలి, మొత్తం 115 ఫ్లోరిన్లు. నీలం గురించి అంత పట్టుదల ఎందుకంటే, ఆ రంగు అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో దొరికే లాపిస్ లాజులీ అనే నీలిరాయి నుంచి వచ్చేది. ఒంటెల మీద, ఓడల మీద వెనిస్ దాకా వచ్చి, నూరి, ముద్ద చేసి, పిండితే మంచి నీలం కొంచెమే దిగుతుంది. మేరీమాత పైటకి చవక నీలం వేస్తే కొన్నేళ్లకి రంగు పోతుంది, డబ్బిచ్చినవాడి పరువూ పోతుంది. అందుకే రంగు నాణ్యతని ధరతో సహా రాయించుకున్నారు.

కాలం గడిచేకొద్దీ ఈ ఒప్పందాల్లో బంగారం, నీలం మాటలు తగ్గి, పనితనం, పేరు మాటలు పెరిగాయి. ఈ మార్పు ఒక్క మనిషిలోనే చూడాలంటే ఇటలీలోని మాంటువా ప్రభువు భార్య ఇసబెల్లా డెస్టేని చూడాలి. 1503లో ఆమె పెరుజీనో అనే చిత్రకారుడికి ఒక బొమ్మ పురమాయించింది, ప్రేమకీ శీలానికీ యుద్ధం. ఏ దేవత ఎక్కడ, చేతిలో ఏముండాలి, వెనక ఏ చెట్టు, అంతా రాసి పంపింది. మనుషులు మరీ ఎక్కువనిపిస్తే ముఖ్యమైనవాళ్లని ఉంచి మిగతావాళ్లని తగ్గించుకోవచ్చట గానీ, సొంతంగా ఏమీ చేర్చకూడదట. చివరికొచ్చిన బొమ్మ ఆమెకే అంతగా నచ్చలేదు. ఇప్పుడది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది, నిజానికి అంత గొప్పగా కూడా ఉండదు. అన్నీ చెప్పి వేయించిన బొమ్మలో ఊపిరి ఆడకపోవడం స్పష్టంగా తెలుస్తుంది. అదే ఇసబెల్లా, అవే సంవత్సరాల్లో, లియొనార్డో వెంట పడింది. ఉత్తరాల మీద ఉత్తరాలు. ఫలానాది వేయమని పట్టుబట్టలేదు, నీ చేత్తో వేసినది ఏదైనా సరే అంది. దొరికింది ఆమె ముఖం గీసిన ఒక సుద్ద డ్రాయింగ్, అంతే. ఒకరికి కూలి మనిషికి చెప్పినట్టు చెప్పడం, ఇంకొకరిని బతిమాలడం, రెండూ ఒకే చేత్తో రాసిన ఉత్తరాల్లో ఉన్నాయి. కళాకారుడనే హోదా పుట్టిన సందర్భం ఇదీ, ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

హోదా రాకముందు చిత్రకారుడంటే పనివాడే. ఫ్లోరెన్స్‌లో వాళ్లకి సొంత సంఘం కూడా లేదు, వైద్యులూ మందుల దుకాణాలవాళ్ల సంఘంలో సభ్యులుగా ఉండేవాళ్లు, ఎందుకంటే రంగు రాళ్లూ పొడులూ కొనేది మందుల కొట్లోనే. కుర్రాళ్లు పన్నెండు పదమూడేళ్లకి కార్ఖానాలో చేరి, రంగులు నూరడం, చెక్కకి సుద్ద పూత పూసి నున్నగా రుద్దడం, గుడ్డు సొనతో రంగు కలపడం, గురువుగారి డ్రాయింగులు దించడం, ఆ తర్వాత ఎప్పటికో ఒక కొండో, ఒక చెయ్యో వేయడానికి అనుమతి. లియొనార్డో కూడా వెరొక్కియో కార్ఖానాలో అలాగే పెరిగాడు. రాఫెల్ రోమ్‌లో వీధిలోకి వస్తే వెంట యాభైమంది దాకా చిత్రకారులు నడిచేవాళ్లని వాసారి రాశాడు. అంతమంది లేకపోతే పోపుగారి గదులు ఆ వేగంతో నిండేవి కావు.

ఈ కార్ఖానా పద్ధతి ఆడవాళ్లని దాదాపు పూర్తిగా బయట పెట్టింది. మగ మోడల్‌ని చూసి బొమ్మ గీయకూడదు, శవాన్ని కోసి కండరాలు చూడకూడదు, సంఘంలో చోటు లేదు. అయినా సొఫొనిస్బా అంగ్విస్సోలా స్పెయిన్ రాజ దర్బారు దాకా వెళ్లింది. ఫ్లోరెన్స్‌లో ప్లౌతిల్లా నెల్లీ అనే సన్యాసిని మఠంలోనే మిగతా సన్యాసినులకి పని నేర్పించి, దాదాపు ఏడు మీటర్ల పొడవున్న చివరి భోజనం బొమ్మ వేసింది. ఆ బొమ్మ మీద తన పేరు రాసి, ఈ చిత్రకారిణి కోసం ప్రార్థించండి అని రాసుకుంది. వాసారి ఆమెని మెచ్చుకుంటూనే, మగవాళ్లకి ఉన్నట్టు ప్రత్యక్షంగా చూసి నేర్చుకునే అవకాశం ఉంటే ఇంకెంతో చేసుండేది అన్నాడు. ఆ బొమ్మ మరమ్మతు పూర్తయి జనం చూసేలా మ్యూజియం గోడకెక్కింది 2019లో. నాలుగున్నర శతాబ్దాల పైచిలుకు ఆలస్యం, దీనికి ఏ సమర్థనా లేదు.

గోడ మీద బొమ్మ వేయడం ఎంత కష్టమో తెలిస్తే కొన్ని సంగతులు బాగా అర్థమవుతాయి. ఫ్రెస్కో అంటే పచ్చి సున్నం పూత మీద నీళ్లలో కలిపిన రంగు. పూత ఆరేలోపు వేసెయ్యాలి, ఆరాక రంగు గోడలో భాగమైపోతుంది, ఇక దిద్దడానికి లేదు. అందుకని ఒక రోజులో ఎంత వేయగలరో అంత మేరకే పూత పూసేవాళ్లు. ఈ రోజు ఒక తల, రేపు ఒక భుజం. లియొనార్డోకి ఈ తొందర పడదు, అతను ఒక గీత వేసి గంటలు ఆలోచించే మనిషి. మిలాన్‌లో 1495 నుంచి 1498 దాకా చివరి భోజనం బొమ్మని ఆరిన గోడ మీద, తీరిగ్గా, మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ వేశాడు. ముఖాల్లో అంత సూక్ష్మత అందుకే సాధ్యమైంది, అది రాలిపోయిందీ అందుకే. అతను బతికుండగానే పెచ్చులు లేచాయి. 1652లో మఠం వాళ్లు దాని కింద మధ్యలో తలుపు కొట్టి క్రీస్తు పాదాలు తీసేశారు. 1943లో బాంబులకి ఆ భోజనశాల కప్పూ ఒక గోడా కూలిపోయినా, ఇసుక బస్తాలు పేర్చిన ఆ గోడ మాత్రం నిలబడింది.

మైకెలాంజెలో దీనికి సరిగ్గా ఎదురు. తను శిల్పిననీ, రంగుల పని తనది కాదనీ మొత్తుకున్నా, రెండో జూలియస్ పోపు 1508లో రోమ్‌లోని తన ప్రార్థనాలయం సిస్టీన్ చాపెల్ కప్పు అంటగట్టాడు. మొదట్లోనే పూతకి బూజు పట్టింది, ఇక నావల్ల కాదన్నాడు, సున్నంలో నీళ్లు ఎక్కువయ్యాయని తెలిసినవాళ్లు చెప్పాక సర్దుకున్నాడు. పడుకుని వేశాడనేది సినిమాల మాట. నిలబడే, మెడ వెనక్కి వంచి, నాలుగేళ్లు వేశాడు. గడ్డం ఆకాశానికి తిరిగింది, కుంచెలోంచి రంగు ముఖం మీద కారుతోంది అని తన మీద తనే పద్యం రాసుకున్నాడు. మొదట వేసిన జలప్రళయం బొమ్మలో చిన్న చిన్న మనుషులు గుంపులు గుంపులుగా ఉంటారు, అంత ఎత్తు నుంచి కింద ఉన్నవాళ్లకి సరిగ్గా ఆనరు. తర్వాత్తర్వాత బొమ్మలు పెద్దవయ్యాయి, మనుషులు తగ్గారు. ఆదాము సృష్టికి వచ్చేసరికి రెండు పెద్ద శరీరాలు, మధ్య ఖాళీ, రెండు వేళ్లు. పని చేస్తూ చేస్తూ నేర్చుకోవడం అంటే ఏంటో ఆ కప్పు మీద వరసగా చూడొచ్చు.

ఇదంతా ఇటలీ వాళ్ల సొంత సంపాదన అనుకుంటే పొరపాటు. అవిసె నూనెలో రంగు కలిపి, పలచని పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తూ, ముత్యం మీద మెరుపు, బొచ్చు కోటులో వెంట్రుక, అద్దంలో కనపడే గది చూపించడం నెదర్లాండ్స్ ప్రాంతం వాళ్ల విద్య. యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన అర్నొల్ఫీనీ దంపతుల బొమ్మ ఆ పనికి పరాకాష్ఠ. ఫ్లోరెన్స్‌లోని మెడీచీ కుటుంబపు బ్యాంకుకి ఆ ప్రాంతంలోని బ్రూజ్ ఊళ్లో ఏజెంటుగా ఉన్న పోర్తినారీ, హ్యూగో వాన్ డర్ గూస్ చేత ఒక పెద్ద బొమ్మ వేయించి 1483లో ఫ్లోరెన్స్‌కి పంపించాడు. అందులో గొర్రెల కాపర్లు ముతక ముఖాలతో, పళ్లు ఊడిన నోళ్లతో, కాయకష్టం చేసి గరుకెక్కిన చేతులతో క్రీస్తు దగ్గరికి పరుగున వస్తారు. గిర్లాందాయో అది చూశాడు, రెండేళ్లలోపే తన బొమ్మలో అలాంటి కాపర్లనే పెట్టాడు. బ్యాంకు బ్రాంచీలు ఎక్కడుంటే బొమ్మలూ ఆ దారినే తిరిగాయి.

వెనిస్‌లో ఉప్పుగాలికి ఫ్రెస్కో నిలవదు. కానీ ఓడల ఊరు కాబట్టి తెరచాప బట్టకి కొదవలేదు. బట్ట మీద నూనె రంగు వేయడం అక్కడ బాగా స్థిరపడింది. చుట్ట చుట్టి పంపించెయ్యొచ్చు! వెనిస్ చిత్రకారుడు తిజియానో స్పెయిన్ రాజు ఫిలిప్‌కి బొమ్మలు అలా పంపినవాడే. ఇక్కడి నుంచి బొమ్మ కదిలే వస్తువయింది.

అసలు ప్రయాణం చేసింది మాత్రం అచ్చు బొమ్మ. జర్మనీలోని నురెంబర్గ్‌కి చెందిన చిత్రకారుడు డ్యూరర్ రెండుసార్లు వెనిస్ వెళ్లి అక్కడి పద్ధతులు చూసొచ్చాడు, చెక్క అచ్చులు, రాగి రేకు అచ్చులు వేసి సంతల్లో అమ్మించాడు. అతని పేరు గుర్తుని కూడా వదలకుండా వెనిస్‌లో మార్కాంటోనియో రైమోండీ కాపీ కొట్టాడు. అదే మార్కాంటోనియో తర్వాత రాఫెల్ డ్రాయింగులు అచ్చేశాడు, రోమ్ మొహం చూడనివాళ్లకి కూడా రాఫెల్ అలా తెలిశాడు. అచ్చు బొమ్మకి ఎంత బలముందో డ్యూరర్ ఖడ్గమృగం చెబుతుంది. గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వాళ్లకిచ్చిన ఆ జంతువు గోవా మీంచి 1515 మేలో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని చూడనే లేదు, ఎవరో పంపిన స్కెచ్ చూసి, వర్ణన చదివి, ఒంటికి కవచం తొడిగినట్టు, వీపు మీద లేని చిన్న కొమ్ము పెట్టి గీశాడు. ఆ జంతువు మరుసటేడు పోపుకి కానుకగా వెళ్తూ ఇటలీ తీరంలో ఓడతో మునిగిపోయింది. తర్వాత రెండొందల ఏళ్లకి పైగా యూరప్‌లో ఖడ్గమృగమంటే ఆ అచ్చు బొమ్మే.

మన దేశానికి రినైసాన్స్ వచ్చిన దారి కూడా ఇదే. 1580లో జెస్యూట్ పాదరీలు గోవా నుంచి ఫతేపూర్ సిక్రీకి వెళ్లి, ఆంట్‌వెర్ప్‌లో ప్లాంటిన్ ముద్రించిన బహుభాషా బైబిలు సంపుటాలు అక్బరుకి ఇచ్చారు. అందులో రాగి అచ్చు బొమ్మలున్నాయి. వాటితోపాటు వచ్చిన విడి అచ్చుల్ని కూడా దర్బారు చిత్రకారులు, కేశూదాస్, బసావన్, మనోహర్ లాంటివాళ్లు, ముందేసుకుని కూర్చున్నారు. డ్యూరర్ 1511లో వేసిన శిలువ బొమ్మలో నిలబడి చేతులు ముడుచుకున్న సెయింట్ జాన్‌ని అబుల్ హసన్ 1600లో దించాడు, అప్పటికి అతనికి పదమూడేళ్లు. ఆ డ్రాయింగు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. బట్ట మడతలు డ్యూరర్ కంటే మెత్తగా, వంపులు తిరిగి ఉంటాయి. గుడ్డిగా దించలేదు, తన చేతిలోకి మార్చుకున్నాడు. 1616లో ఇంగ్లండ్ రాయబారి థామస్ రో తీసుకొచ్చిన చిన్న బొమ్మకి జహంగీరు చిత్రకారులు నకళ్లు తీసి, అన్నీ వరసగా పెట్టి అసలుదేదో చెప్పమంటే, కొవ్వొత్తి వెలుగులో రో కాసేపు తడబడ్డాడు, ఆ సంగతి తన డైరీలో తనే రాసుకున్నాడు.

మొఘల్ చిత్రకారులు ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు అన్నది ఇక్కడ అన్నిటికంటే ఆసక్తికరం. ముఖానికి నీడలు, దూరాన నీలంగా పలచబడిపోయే చిన్న ఊళ్లు, తల చుట్టూ వెలుగు వలయం, రెక్కల పిల్లలు, ఇవి తీసుకున్నారు. బ్రూనెల్లెస్కీ అంత కష్టపడి సాధించిన ఒకే కంటి చూపుని వదిలేశారు. బిచిత్ర్ వేసిన ఒక బొమ్మలో జహంగీరు ఇసుక గడియారం మీద కూర్చుని సూఫీ షేక్‌కి పుస్తకం ఇస్తుంటే, కింద ఇంగ్లండ్ రాజు జేమ్స్ నిలబడి ఉంటాడు, యూరప్ రెక్కల పిల్లలు గడియారం దగ్గర రాస్తూ ఉంటారు. చూసేవాడి కన్ను ఎక్కడుందో లెక్క తేలదు, తేలాల్సిన అవసరం కూడా వాళ్లకి లేదు. పాదుషా పెద్దగా ఉండాలి, ఉన్నాడు. దీన్ని పర్‌స్పెక్టివ్ రాకపోవడంగా చదివినవాళ్లు చాలామందే ఉన్నారు, అది అన్యాయం. అచ్చులు కళ్ల ముందుంచుకుని, అంత సూక్ష్మంగా దించగలిగినవాళ్లకి రాక కాదు, అక్కర్లేక వదిలేశారు.

ఆ అన్యాయమైన చదువు ఎక్కణ్నుంచి వచ్చిందంటే మళ్లీ వాసారి దగ్గరికి వెళ్లాలి. 1550లో, మళ్లీ పెంచి 1568లో, అతను చిత్రకారుల జీవితాలు రాశాడు. జొట్టోకి గురువని అతను చెప్పిన చీమబువేతో మొదలై మైకెలాంజెలోతో శిఖరానికి చేరే కథ అది, ఫ్లోరెన్స్ వాళ్లే కథానాయకులు. ఎంతో అమూల్యమైన పుస్తకం, అదే సమయంలో ఎన్నో తప్పుడు అలవాట్లకి మూలం. కళ మెట్లెక్కుతుందనీ, నిజంలా కనిపించడమే పై మెట్టనీ అక్కడి నుంచే స్థిరపడింది. 1563లో ఫ్లోరెన్స్‌లో, 1648లో పారిస్‌లో, 1768లో లండన్‌లో వచ్చిన అకాడమీలు ఆ మెట్ల మీదే సిలబస్ కట్టాయి. మద్రాసులో 1850లో, బొంబాయిలో 1857లో మొదలైన ఆర్ట్ స్కూళ్లు ఆ పాఠాన్ని ఇక్కడికి తెచ్చాయి, గ్రీకు విగ్రహాల ప్లాస్టర్ నమూనాలు ముందు పెట్టుకుని గీయడంతో సహా.

రవివర్మ ఆ స్కూళ్లలో చదవలేదు గానీ, తిరువాంకూరు రాజాస్థానానికి వచ్చిన యూరప్ చిత్రకారుడు పనిచేస్తుంటే చూసి నూనె రంగు పట్టుకున్నాడు. 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మిని, సరస్వతిని అచ్చేయించాక, తెలుగిళ్లలో పూజ గదిలో గోడకెక్కిన దేవతలకి ఒంటి మీద నీడలు, వెనక దూరంగా కొండలు, కొలను వచ్చాయి. మార్కాంటోనియో చేసిన పనే ఇది కూడా, కాగితం మీదే జరిగింది. మన చిత్రకారుల్లో ఈ వారసత్వంతో గట్టిగా తలపడినవాడు రాజమండ్రి దామెర్ల రామారావు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, మనిషి శరీరాన్ని చూసి గీయడం అక్కడ క్షుణ్ణంగా నేర్చుకుని, తిరిగొచ్చి సొంత ఊళ్లో పిల్లలకి బొమ్మలు నేర్పించాడు. 1925లో, ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. రాజమండ్రిలో అతని పేరున్న గ్యాలరీలో ఆ బొమ్మలున్నాయి. శరీరాల నిర్మాణంలో బొంబాయి చదువు కనపడుతుంది, గీత మాత్రం పలచగా, సాగుతూ, నీడల మీద ఆధారపడకుండా వెళ్తుంది. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్న లెక్క అతను ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాడు, ఒక్కో బొమ్మలో ఒక్కోలా.